పండుగ అయినంకనే పువ్వు

మేడం పోయారన్న సంగతి నాకు బస్సులో తెలిసింది. ముందురోజు సాయంత్రమే ఖమ్మంలో దవాఖానాకు వెళ్లి చూసి వచ్చాను. మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చోబోతే, "రేపు క్లాసుంది గదా, ఈడ కూసోని ఏం జేస్తవ్? పో" అని తరిమేశారు. ఆ మాట విని, పొద్దున్నే భద్రాచలం బస్సెక్కాను. పాల్వంచ దాటాక ఆమె తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్క పోయిందమ్మా" అన్నాడు. నేను తర్వాతి స్టాపులో దిగి, రోడ్డు దాటి, ఖమ్మం వైపు వెళ్లే బస్సు కోసం నిలబడ్డాను.

అక్కడ నిలబడి ఉండగానే మా కాలేజీ వాట్సాప్ గ్రూపులో సందేశం వచ్చింది. "మన కళాశాల గౌరవ ఆచార్యురాలు, ప్రముఖ పారిశ్రామికవేత్త అయిన మేడం గారి ఆకస్మిక మృతికి ప్రగాఢ సంతాపం తెలియజేస్తున్నాము. మేడం గారి వద్ద ఉండిన వెనక షెడ్డు తాళంచెవి ఎవరి దగ్గరైనా ఉంటే ఆఫీసులో అప్పగించగలరు." కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. తాళంచెవి నా సంచీలో ఉంది. నాకు ఏడుపు రావాల్సిన చోట ఒళ్లు మండింది. ఫోన్ ఆపేసి సంచీలో పడేశాను.

మీలో చాలామందికి ఆమె తెలిసి ఉండరు. మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో ఓ మూల చిన్న వార్త వేశారు. "మహిళా పారిశ్రామికవేత్త, విద్యావేత్త" అని రాశారు. రెండూ నిజమే. కానీ బతికున్నన్నాళ్లూ ఆ రెండు మాటల్ని ఆమెకు ఎవరూ ఒకేసారి ఇవ్వలేదు. వ్యాపారుల మీటింగుకు పోతే "రండి టీచర్ గారూ" అని వెనక వరుసలో కుర్చీ చూపించేవాళ్లు. కాలేజీ స్టాఫ్ రూముకు వస్తే "మీకేం మేడం, లడ్డూలు అమ్ముకుంటారు, మాలాగా జీతం రాళ్లా" అని నవ్వేవాళ్లు. ఆమె కూడా నవ్వేవారు. ఇంటికొచ్చాక గిన్నెలు గట్టిగా చప్పుడు చేస్తూ తోముకునేవారు. సాయంత్రం ఆమె ఇంటికి వెళ్తే, ఆ చప్పుడును బట్టి ఆ రోజు ఎక్కడికి వెళ్లొచ్చారో నేను చెప్పగలిగేదాన్ని.

నేలకొండపల్లి దగ్గర రైతు కుటుంబంలో పుట్టారు. కెమిస్ట్రీ చదివి, హైదరాబాదులో ఓ బిస్కెట్ల కంపెనీలో ల్యాబులో చేరి, చివరికి తయారీ విభాగం మొత్తం చూసుకునేదాకా ఎదిగారు. ఆ రోజుల గురించి ఎక్కువ చెప్పేవారు కాదు. ఒక్కటి మాత్రం పదేపదే చెప్పేవారు. బయటి కంపెనీల వాళ్లు వచ్చినప్పుడు మీటింగు గదిలో ఆడమనిషి ఈమె ఒక్కతే. వచ్చినవాళ్లలో ఎవరో ఒకరు ఈమె వైపు తిరిగి "నాకు చక్కెర తక్కువ" అనేవారట. "టీ సంగతి నాకు తెల్వదు సార్, బిస్కెట్ల చక్కెర ఎంతుండాల్నో అడగండి, చెప్తా" అనేవారట మేడం. చెప్పి పకపకా నవ్వేవారు గానీ, ఆ నవ్వు చివర్లో ఓ నిట్టూర్పు ఉండేది.

ఆ ఉద్యోగం వదిలి వచ్చి దమ్మపేట దారిలో చిన్న యూనిట్ పెట్టారు. ఇప్పపువ్వుతో లడ్డూలు, పాకం, పిల్లలకు పెట్టే పొడి. ఊళ్లో వాళ్లు పిచ్చి పట్టిందన్నారు. ఇప్పపువ్వంటే సారా తప్ప ఇంకోటి తెలియని రోజులు. కొన్నాళ్లకు మా భద్రాచలం డిగ్రీ కాలేజీ వాళ్లు పరిశ్రమ నుంచి ఎవరైనా వచ్చి పాఠం చెప్పాలని పిలిచారు. ఒక్క గంట పాఠం కోసం వచ్చిన మనిషి అక్కడే ఉండిపోయారు. వారంలో సగం యూనిట్, సగం కాలేజీ. తల నెరిశాక పీహెచ్‌డీ చేశారు.

నేను ఆమె మొదటి క్లాసులో ఉన్నాను. మాది కొత్తగూడెం. నాన్న బొగ్గు బాయిలో పని. ఎక్కడా సీటు రాక ఆ కాలేజీకి వచ్చినదాన్ని, కాబట్టి వచ్చిన మొదటి రోజు నుంచే ముఖం మాడ్చుకుని కూర్చునేదాన్ని. మేడం లోపలికి వచ్చి, పలకరింపు కూడా లేకుండా, గోనెసంచి విప్పి ఎండు ఇప్పపువ్వు బల్ల మీద గుమ్మరించారు. ఆ తియ్యటి పులుపు వాసనకు ముందు వరుస వాళ్లు ముక్కు మూసుకున్నారు. వెనక నుంచి ఎవరో "సారా క్లాసురో" అన్నారు. క్లాసంతా ఒకటే నవ్వు.

మేడం నవ్వు ఆగేదాకా ఊరుకున్నారు. "అయిపోయిందా? ఇంకెవరన్న నవ్వేటోళ్లుంటే ఇప్పుడే నవ్వున్రి. కరువొచ్చినప్పుడు మీ తాతలు, అవ్వలు తిన్నది గిదే. గిది తిని బతికిన్రు కాబట్టే మీరీడ కూసొని నవ్వుతున్నరు." తర్వాత ఒక్కో పువ్వు చేతికిచ్చి, నమలమన్నారు. నమిలాను. ఎండు ద్రాక్షలా ఉంది. ఆ రోజు నుంచి నేను ఆమె వెనకాలే తిరిగాను. ఇప్పుడు అదే కాలేజీలో గెస్ట్ ఫ్యాకల్టీగా, అంటే ఎప్పుడు రమ్మంటే అప్పుడు వచ్చి, వద్దంటే ఇంటికి పోయే టీచరుగా, పాఠం చెప్తున్నాను.

ఇక షెడ్డు సంగతి. అడవి పల్లెల్లో పువ్వును నేల మీద ఆరబోస్తారు. మట్టి కలుస్తుంది, వానొస్తే బూజు పడుతుంది. పువ్వు ఏరడానికి వీలుగా చెట్టు కింద ఎండుటాకులకు నిప్పు పెడతారు, ఆ నిప్పు అడవిలోకి పాకుతుంది. మేడం చెట్ల కింద వలలు కట్టించారు. కాలేజీ వెనక, ఎవరికీ అక్కర్లేని స్థలంలో, గాలి ఆడేలా జాలీ గోడలతో ఓ షెడ్డు కట్టించి, లోపల అంతస్తులు అంతస్తులుగా జాలీ ట్రేలు పెట్టించారు. అడవి పల్లెల ఆడపిల్లలకు అందులో పని నేర్పించి, దానికో కోర్సు పెట్టించి, చేతిలో సర్టిఫికెట్ పెట్టాలి. ఆమెకున్న ఆశ అదొక్కటే. నాకు తెలిసినంతలో ఇంకో ఆశ లేదు.

షెడ్డు గుమ్మం మీద స్వయంగా పెయింటుతో రాశారు: చెప్పులు బయట. లోపల వేసుకోవడానికి తనకో జత నీలం రబ్బరు చెప్పులు ఉండేవి. అవి ఎప్పుడూ గడప దాటి బయటికి రాలేదు. తినే వస్తువు ఆరేచోట వీధి దుమ్ము తొక్కకూడదు, అంతే. ఎవరికీ మినహాయింపు లేదు. ఒకసారి పైనుంచి తనిఖీకి ముగ్గురు పెద్దమనుషులు వచ్చారు. బూట్లు విప్పడానికి వాళ్లకు మనసొప్పలేదు. గడప బయటే నిలబడి, తల లోపలికి పెట్టి చూసి, వెళ్లిపోయి, "సదుపాయాలు చాలవు" అని రాశారు. "లోపలికి రానోళ్లకు లోపలేమున్నదో ఎట్ల తెలుస్తదే?" అని మేడం వారం రోజులు నన్ను తిట్టినట్టు అడిగారు. మా ప్రిన్సిపాల్ సార్ కూడా ఆ గడప ఎప్పుడూ దాటలేదు. ఆయన చెడ్డవారు కాదు. ఏది అడిగినా "చూద్దాం" అంటారు. మేడం ఆయనకు పెట్టుకున్న పేరు చూద్దాం సార్. ఆయన ఎదురుగా కూడా ఒకసారి నోరు జారి అనేశారు.

ఇప్పుడు అసలు చెప్పాల్సిన దానికి వస్తాను. యూనిట్ పెట్టిన మొదటి ఏడు మేడం ఒక పొరపాటు చేశారు. హైదరాబాదు కంపెనీకి ఫలానా తేదీకి సరుకు పంపుతానని మాటిచ్చి, ఆ తేదీకి లారీ మాట్లాడుకుని, దుమ్ముగూడెం అవతల ఓ కోయ పల్లెకు వెళ్లారు. వెళ్లేసరికి చెట్ల కింద పువ్వు పసుపుపచ్చగా పరుచుకుని ఉంది. ఒక్కరూ ఏరడం లేదు. ఊరంతా తీరిగ్గా కూర్చుని ఉంది. ఏమిటిదని అడిగితే ఊరి పెద్ద "పండుగ కాలె" అన్నాడు.

కొత్తగా వచ్చిన పువ్వును ముందు దేవరకు, చనిపోయిన పెద్దలకు పెట్టాలి. ఊరంతా కలిసి ఆ పండుగ చేసుకునేదాకా ఎవరూ ముట్టరు. అది వాళ్ల ఆనవాయితీ. అదే జిల్లాలో పుట్టిన మేడంకు ఆ సంగతి తెలియదు. మనకెవరికి తెలుసు గనక!

"పువ్వు మట్టిపాలైతాంది గదా పెద్దయ్యా" అన్నారట మేడం.

"కానియ్యి. పెద్దలు తినక ముందు మేమెట్ల తింటం?"

"మరి పండుగెప్పుడు?"

"చెప్తం."

"ఎప్పుడు చెప్తరు?"

"అయ్యే ముందల చెప్తం."

ఆ సాయంత్రం దాకా చెట్టు కింద కూర్చుని, పువ్వు తన కళ్లముందే రాలి ఎండిపోతుంటే చూసి, ఖాళీ లారీలో తిరిగొచ్చారు. దారి పొడుగునా ఆ ఊరిని తిట్టుకుంటూనే వచ్చానని చెప్పేవారు. భద్రాచలం బ్రిడ్జి దగ్గర టీ కోసం ఆగినప్పుడు డ్రైవర్, "మీ ఇంట్ల దేవునికి పెట్టక ముందు లడ్డూ మాకు పెడ్తరా మేడం?" అని మామూలుగా అడిగాడట. ఆయన ఊరికే అన్నమాట అది. మేడం టీ గ్లాసు పట్టుకుని చాలాసేపు గోదావరి వైపు చూస్తూ నిలబడ్డారట.

మరుసటి ఏడు నుంచి ఏ కంపెనీతో మాట్లాడినా ఆమెది ఒకటే షరతు: పండుగ అయినంకనే పువ్వు. అవతలివాళ్లు తేదీ అడిగేవారు. నేను పక్కనుండగా ఓ కొనుగోళ్ల మేనేజరుతో ఫోన్‌లో అన్న మాటలు నాకింకా గుర్తే. "తేదీ నాకు తెల్వది సార్. అవ్, నిజంగనే తెల్వది. మీ దీపావళి ఎప్పుడని నేను అడిగిన్నా? మీరు సెలవిచ్చుకోలేదా? ఈళ్లు గూడ గట్లనే." ఒకరి తర్వాత ఒకరు కంపెనీల వాళ్లు మానుకున్నారు. వ్యాపారం పెరగలేదు. పెరగాల్సినంతలో పావువంతు కూడా పెరగలేదు. తెలివిగలవాళ్లు ఆమెకు తెలివి లేదన్నారు.

అయితే ఆమె ఆ ఊరిని నెత్తిన పెట్టుకుని ఊరేగించారనుకోకండి. ప్రతి ఏడూ మాఘం దాటగానే ఊరి పెద్దకు ఫోన్లు మొదలుపెట్టేవారు. "ఇంక కాలేదా పెద్దయ్యా?" "కాలె." మళ్లీ నాలుగు రోజులకు. "ఇంకన్న?" "కాలె మేడం." ఫోన్ పెట్టేసి, "ఈ ముసలాయన నా పానం తీస్తడు" అని తల పట్టుకునేవారు. పండుగ అయిపోయాక, పువ్వు వచ్చేశాక, ఊరి పెద్ద కూతురు ముత్తమ్మ సంచులు దించుతూ "మొన్ననే అయింది మేడం" అని చల్లగా చెప్పేది. ముందుగా చెప్పమని ఇన్నేళ్లు మొత్తుకున్నా ఆ ముసలాయన ఒక్కసారి కూడా ముందుగా చెప్పలేదు. ఊరి మీద కోపం, కంపెనీ మీద కోపం, కాలేజీ మీద కోపం. ఈ మూడు కోపాల మధ్య ఆమె పని నడిచేది.

కోర్సు కథ అంతకన్నా దారుణం. ఎన్నో ఏళ్లు తిరగ్గా చివరికి యూనివర్సిటీ వాళ్లు ఒప్పుకున్నారు. ఒప్పుకుని, ప్రాక్టికల్ పరీక్ష నవంబరులో పెట్టారు. ఇప్పపువ్వు రాలేది మార్చి, ఏప్రిల్‌లో. ఆ నెలల్లో మిగతా పరీక్షలుంటాయి కాబట్టి కుదరదన్నారు. మేడం హైదరాబాదు వెళ్లి వాళ్ల మీటింగులో కూర్చుని, "నవంబర్ల పువ్వు ఏడికెల్లి తేవాలె సార్?" అని అడిగారు. ఒకాయన చాలా మర్యాదగా, "సింబాలిక్‌గా చేయించండి మేడం" అన్నాడట.

చేయించాం. ఏం చేస్తాం! నవంబరులో మా దగ్గర దొరికేవి బంతిపూలు. పిల్లలు బంతిపూల రేకలు తుంచి, ట్రేల మీద పరిచి, ఇప్పపువ్వు ఆరబెట్టినట్టు ఆరబెట్టారు. బయటినుంచి వచ్చిన పరీక్షాధికారి గడప దగ్గర్నుంచే చూసి, బాగుందని మార్కులు వేసి వెళ్లాడు. మేడం ఆ పసుపుపచ్చ ట్రేల మధ్య పీట మీద కూర్చుని, "అడవిల పుట్టిన పిల్లలకు బంతిపూలు ఆరబెట్టుడు నేర్పించిన. రాసిపెట్టుకోవే, నా సదువు, నా ఫ్యాక్టరీ అన్ని గిందుకే పనికొచ్చినయ్" అన్నారు. ఆమె కళ్లలో నీళ్లు చూడటం నాకు అదే మొదలు. చివర కూడా అదే.

ఊరుకోలేదు. మళ్లీ వెళ్లారు, మళ్లీ అడిగారు. నిరుడు చివర్లో వాళ్లు కాస్త దిగొచ్చారు. ఈ ఒక్క ఏడు పువ్వు కాలంలో ప్రాక్టికల్స్ పెట్టుకోండి, షెడ్డు నడిపించి చూపించండి, మా మనిషి వచ్చి చూస్తాడు, బాగుంటే కోర్సు ఉంటుంది, లేదంటే తీసేస్తాం అన్నారు. ఆ మాట పట్టుకుని మేడం కాలు నిలవకుండా తిరిగారు. కొత్త జాలీలు వేయించారు. పల్లెల నుంచి ఆడపిల్లల్ని చేర్చుకున్నారు. ఛాతీలో నొప్పి వస్తోందని ఎవరికీ చెప్పలేదు. చెప్తే కూర్చోబెడతామని భయం. ఆ విషయంలో ఆమె మీద నాకు ఇప్పటికీ కోపమే. ఎవరికోసం దాచినట్టు?

ఆ చివరి సాయంత్రం దవాఖానాలో ఆమె నన్ను అడిగినవి రెండే. "ముసలాయన ఫోన్ చేసిండా?" అన్నారు. లేదన్నాను. "చెయ్యడు. పువ్వంత రాలినంక చేస్తడు" అని కళ్లు మూసుకున్నారు. కాసేపటికి తెరిచి, "ట్రేలు కడిగిన్రా?" అన్నారు. కడుగుతామన్నాను. అప్పుడే నన్ను తరిమేసింది.

దినం అయిన మర్నాడు ప్రిన్సిపాల్ సార్ నన్ను పిలిచారు. ఆయన కూడా బాధలోనే ఉన్నారు, ఆ మాట ఒప్పుకోవాలి. "ఈ ఏడు కోర్సు ఆపేద్దాం అమ్మా. మేడమే లేరు కదా. షెడ్డులో పరీక్షల బల్లలు పెట్టుకుంటాం. సెమినార్ హాలుకు మేడం పేరు పెడదాం. పెద్ద ఫోటో కట్టిస్తున్నాను" అన్నారు.

"మేడం లేకపోతే మేమున్నం గద సార్. పిల్లలున్నరు. షెడ్డుంది."

"నువ్వు గెస్ట్ ఫ్యాకల్టీవి కదమ్మా. బాధ్యత ఎవరు తీసుకుంటారు?"

"నేనే తీసుకుంట."

"చూద్దాం" అన్నారు. తాళంచెవి అడిగారు. రేపు తెస్తానన్నాను. మర్నాడు కూడా అదే అన్నాను. ఒక మనిషి ప్రాణం పెట్టిన చోటును బల్లలకు ఇచ్చి, ఆ మనిషి పేరును ఏసీ గదికి తగిలించడం గౌరవమని వీళ్లకు ఎవరు చెప్పారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఇల్లు కూల్చేసి గుమ్మానికి తోరణం కడతారా ఎవరైనా?

సంస్మరణ సభకు ముఖ్య అతిథి వీలు చూసి తేదీ పెట్టారు. విద్యార్థులందరూ తప్పక రావాలని నోటీసు వేశారు. సభకు రెండు రోజుల ముందు, నేను హాస్టల్ పిల్లలతో ట్రేలు కడిగిస్తుండగా ఫోన్ మోగింది. ఊరి పెద్ద. ఆయన నాకు ఫోన్ చేయడం అదే మొదటిసారి. ముత్తమ్మ దగ్గర నంబరు తీసుకున్నాడట.

"మేడం పోయిందట గద."

"అవ్ పెద్దయ్యా."

ఆయన వెనకాల కోళ్ల అరుపులు వినిపిస్తున్నాయి.

"రేపు పండుగ" అన్నాడు. "ఎల్లుండి పొద్దుగాల పువ్వు పంపుతం. ముందుగాల చెప్పుమని ఎప్పుడు కొట్లాడేది. గందుకే చెప్తున్న."

నేను అక్కడే, తడి ట్రేల మధ్య, కూలబడి ఏడ్చాను. అన్నేళ్లు ప్రాణాలు తోడేసి, తీరా వినాల్సిన మనిషి పోయాక ముందుగా చెప్పాడు. ఆ ముసలాయన్ని తిట్టాలో దండం పెట్టాలో తెలియలేదు. పిల్లలు భయపడి నీళ్లు తెచ్చిచ్చారు.

ఎల్లుండి అంటే సభ రోజే. పువ్వు రాత్రి రాలుతుంది, తెల్లవారుజామున ఏరుతారు, మధ్యాహ్నంలోపు పలచగా పరచకపోతే కుప్పలోనే వేడెక్కి పులిసిపోతుంది. దానికి ముఖ్య అతిథి వీలుతో పనిలేదు. ప్రిన్సిపాల్ సార్ గదికి వెళ్లి సభను మధ్యాహ్నానికి మార్చమని అడిగాను. ఆయన ఏమన్నారో మీకు చెప్పక్కర్లేదు.

ఆ పొద్దున తాళం నేనే తీశాను. ఎవర్నీ అడగలేదు. మేడం నీలం చెప్పులు గోడ పక్కన ఎప్పటి చోటే ఉన్నాయి, వాటిని కదపలేదు. ముత్తమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు ఆటోలోంచి సంచులు దించారు. సంచి మూతి విప్పగానే పచ్చి పువ్వు వాసన షెడ్డంతా నిండింది. నోటీసు చూసి కూడా పిల్లలందరూ షెడ్డుకే వచ్చారు. నేను రమ్మనలేదు. గడప బయట చెప్పుల కుప్ప పెరుగుతూ పోయింది. ముత్తమ్మ ఒక్కో పువ్వులోంచి కేసరాలు ఎలా దులపాలో చూపిస్తోంది. ఇది మేడం, ముత్తమ్మ ఏళ్ల తరబడి కొట్లాడుకుని కలిసి కనిపెట్టిన పద్ధతి.

యూనివర్సిటీ మనిషికి నేను ముందురోజే ఫోన్ చేసి చెప్పాను. వచ్చే వారం వస్తానన్నాడు. వచ్చి చూశాడు కూడా. ఏ మాటా చెప్పకుండా వెళ్లాడు. కోర్సు ఉంటుందో పోతుందో ఇది రాసే నాటికి నాకు తెలియదు. ఎండిన పువ్వు మాత్రం డబ్బాల్లో ఉంది. ఒక్క గింజ మట్టి లేదు. పిల్లలు ఇప్పపువ్వునే ఆరబెట్టారు.

సభ రోజు పది దాటాక ప్రిన్సిపాల్ సార్ ఫోన్ మీద ఫోన్ చేశారు. నా చేతులు పువ్వులో ఉన్నాయి, ఎత్తలేదు. చివరికి ఆయనే వచ్చారు. ఫోటోకు వేయాల్సిన దండ చేతిలోనే ఉంది. బంతిపూల దండ. విసురుగా నడిచి రావడంతో రేకలు రాలుతున్నాయి. గడప దగ్గర ఆగి, "ఏంటమ్మా ఇది? ముఖ్య అతిథి వచ్చి కూర్చున్నారు. హాల్లో ఒక్క పిల్ల లేదు. ఫోటో, కుర్చీలు తప్ప ఏమీ లేవు" అన్నారు.

"పువ్వు గూడ వచ్చింది సార్. అది ఆగది" అన్నాను.

నేను ఇంకా చాలా అనాలనుకున్నాను. ఇన్నాళ్లుగా మనసులో ఎన్నిసార్లో అనుకున్న మాటలు. కానీ ఆయన నా వైపు చూడటం లేదు. ట్రేల వైపు చూస్తున్నారు. పై నుంచి కింది దాకా లేత పసుపు పువ్వు, వాటి మధ్య వంగిన తలలు. ఇన్నేళ్లలో ఆ షెడ్డు పని చేస్తుండగా ఆయన చూడటం అదే మొదలనుకుంటాను. ఓ అడుగు లోపలికి వేయబోయారు.

ముత్తమ్మకు ఆయన ఎవరో తెలియదు. తల కూడా ఎత్తలేదు. "చెప్పులు బయట ఇడువు సారూ" అంది. మళ్లీ, ఈసారి చూసి, "ఆ బంతిపూలు గూడ ఆడనే పెట్టు. గిండ్ల కలుస్తే పాడైతది" అంది.

హాల్లోంచి మైకు సరిచేస్తున్న చప్పుడు వినిపిస్తోంది. సార్ తల ఎత్తి గుమ్మం మీద మేడం రాసిన అక్షరాలు చదివారు. తర్వాత దండను పక్కనున్న మేకుకు తగిలించి, ఒక చేత్తో గుమ్మం పట్టుకుని, చెప్పుల కుప్ప మధ్య ఒంటికాలి మీద నిలబడి, బూటు లేసు విప్పుకోవడం మొదలుపెట్టారు.